చాందిని ఏ బండికి చేపింది

రెండు మూడు వారాల కింద ఒక గురువారం మా మేనల్లుడు శ్రీకాంత్ జల్‌పల్లి నుంచి వచ్చి, కూర్చోకముందే నా చేతిలో ఫోను పెట్టాడు. తెర మీద రెండు మోటారు సైకిళ్లు పక్కపక్కన ఉన్నాయి. రెండూ క్రూయిజర్లే. అంటే సీటు కిందికి, హ్యాండిల్ పైకి ఉండి, కాళ్లు ముందుకు చాపుకుని నింపాదిగా నడిపే బండ్లు. ఒకటి మా ఇంట్లో అందరూ పాత కంపెనీ అని పిలిచే కంపెనీది. రెండోది కొత్త కంపెనీది. అది కొత్తగా ఉన్న రోజులు పోయి ఎన్నో ఏళ్లయినా మా ఇంట్లో దాని పేరు ఇప్పటికీ కొత్త కంపెనీయే. బరువెంత, లీటరుకు ఎంత దూరం పోతుంది, మళ్లీ అమ్మితే ఎంతొస్తుంది, అన్నీ కింద వరసగా రాసి ఉన్నాయి. పెట్టిన డబ్బుకు ఏది గిట్టుబాటో చిన్నపిల్లలు చూసినా చెప్పేస్తారు. వాడికి రోజూ ఊరు ఈ కొస నుంచి ఆ కొసకు ఆఫీసు. ముప్ఫై దాటకముందే నడుముకు బెల్టు. కొత్త కంపెనీది తేలిక, సీటు మెత్తన, ధర తక్కువ. గిండ్ల నన్ను అడుగుడేందిరా, దీన్నే తీస్కో అన్నాను.

"డాడీ ఒప్పుకుంటలేడత్తా" అన్నాడు వాడు. "పాత కంపెనీదే తేవాలంట. ఇంకోటి తెస్తే గడప తొక్కొద్దన్నడు. ఎందుకంటే చాందిని బర్రె ముచ్చట చెప్తడు. నోరులేని జానవారుకు ఎరుకైంది నాకు ఎరుకగాలే, మా బాపును తప్పు పట్టిన, గా తప్పు నువ్వు చెయ్యకు అంటడు. గదేం ముచ్చటనో నాకైతే సమజ్ అయితలేదు. నువ్వు చెప్తే ఇంటడు. ఆదివారం బుకింగ్ చెయ్యాలె."

చాయ్ పెడతానని వంటింట్లోకి వెళ్లాను. పాల ప్యాకెట్టును మూలకు బదులు నడిమికి కత్తిరిస్తే సగం పాలు స్టవ్ మీద పడ్డాయి. శ్రీకాంత్ వాళ్ల డాడీ, అంటే మా అన్న నర్సింగ్, ఆ ముచ్చటను ఇన్నేళ్లు మోస్తున్నాడని నాకు తెలియదు. మరిచిపోయి ఉంటాడనుకున్నాను. మరిచిపోవాలనే కోరుకున్నాను కూడా. ఎందుకంటే చాందిని సంగతిలో అసలు జరిగింది తెలిసిన మనిషి ఈ భూమ్మీద ఇప్పుడు నేనొక్కదాన్నే.

మేం పుట్టి పెరిగిన గౌలిపురలో అప్పుడు మా ఇల్లంటే ముందు బర్రెల కొట్టం, వెనక రెండు గదులు. ఇంటికొచ్చిన చుట్టమెవరైనా ముందు బర్రెలను దాటుకునే మనుషుల దగ్గరికి రావాలి. నానిన పత్తిచెక్క పులుపు వాసన, పేడ వాసన, తడి గోనెసంచుల వాసన, వీటన్నిటి మీదా పలచగా పెట్రోలు వాసన. ఆ పెట్రోలు వాసన మా బాపు, అంటే మా నాన్న, బండిది. పాత కంపెనీ బండి, బాపు కంటే బరువైనది. రెండు పక్కలా ఇనుప కొక్కాలు వెల్డింగ్ చేయించి పాల క్యాన్లు తగిలించేవాడు. సీటు తోలు ఎప్పుడో చిరిగిపోతే గోనెపట్టా మడిచి కట్టుకున్నాడు కానీ, ట్యాంకు మీద గీత పడనిచ్చేవాడు కాదు. పొద్దున దాన్ని తీసేముందు కొట్టం గడపకు మొక్కినట్టే ట్యాంకు ముట్టుకుని కళ్లకద్దుకునేవాడు. మా అమ్మ మాత్రం దాన్ని సవతి అని పిలిచేది. నవ్వుతూనే పిలిచేదిగానీ, బాపు దాన్ని తుడుస్తున్నంతసేపూ ఆమె నవ్వేది కాదు.

దాని చప్పుడు గల్లీ మొగదాకా వినబడేది. కర్ఫ్యూ పెట్టిన రోజుల్లో కూడా పాలకు సడలింపు ఇచ్చిన గంటలో బాపు వెళ్లేవాడు. ఎవరినీ పిలవాల్సిన పని లేకుండా ఆ దుడ్‌దుడ్ విని ఒక్కో తలుపు కొంచెం తెరుచుకునేది, గిన్నె పట్టుకున్న చేయి బయటికొచ్చేది. ఏ గల్లీలోనూ బాపును ఎవరూ ఆపలేదు. ఇరవై ఏళ్లలో ఈ బండి ఒక్కసారి కూడా నాకు ధోకా ఇయ్యలేదనేవాడు బాపు. మనుషుల్లో ఆ మాట అనిపించుకున్నవాళ్లు నాకు తెలిసి ఎవరూ లేరు.

చాందిని మా కొట్టంలోకెల్లా ఎక్కువ పాలిచ్చే బర్రె. నుదుట తెల్లమచ్చ ఉండేది, అందుకే వెన్నెల అని అర్థమొచ్చే ఆ పేరు. ఒక ఏడు ఈనిన రెండు వారాలకే దాని దూడ చచ్చిపోయింది. దూడ పోయిన బర్రె పాలు పొదుగులోకి దించదు. దించడాన్ని మా ఇళ్లలో చేపడం అంటారు. చేపకపోతే సన్నులు పిండి పిండి వేళ్లు వాచిపోవాల్సిందే తప్ప గిన్నెలో చుక్క పడదు. చాలామంది సూది మందు పొడిచేవాళ్లు. బాపు మాత్రం మా కొట్టంలో సూది రానివ్వలేదు. మా అదృష్టమేమోగానీ చాందిని బండి చప్పుడుకు చేపడం అలవాటు చేసుకుంది. పొద్దున బాపు బండిని కొట్టం ముందు వేడి చేసేటప్పుడు, సాయంత్రం తిరిగొచ్చి ఇంజను ఆపకుండా కాసేపు నిలబెట్టినప్పుడు, చాందిని మెడ చాచి మోర పైకెత్తేది. అమ్మ గిన్నె పట్టుకుని కూర్చునేసరికి సన్నుల నుంచి పాలు వాటంతటవే కారేవి. కంపెనీవాడు పాలు పితికే బండి ఇచ్చిండని గౌలిపుర అంతా నవ్వుకునేది. చూడ్డానికి ధూల్‌పేట్ నుంచి కూడా చుట్టాలొచ్చారు. బాపు మీసం దువ్వుకుంటూ, కంపెనీవానికి నేను నమ్మకం, బండికి నేను నమ్మకం, బర్రెకు బండి నమ్మకం అనేవాడు.

ఆ యేడు వానాకాలం బాపు నడుము పట్టేసింది. ఆ బండిని కిక్కు కొట్టాలంటే మనిషి బరువంతా ఒక కాలి మీద వేయాలి. ఒక్కోసారి కిక్కు తిరగదన్ని మోకాలి దాకా జిల్లుమనిపించేది. డాక్టరు కిక్కు కొట్టడం ఇక కుదరదని ఖరాఖండిగా చెప్పినా, దీపావళి దగ్గరపడి నడుము లేవనివ్వనిదాకా బాపు ఎలాగో కొడుతూనే వచ్చాడు. మా అన్నకు అప్పుడు ఇరవై రెండేళ్లు. అప్పటికే కొత్త కంపెనీ క్రూయిజర్ మీద మనసు పడి ఉన్నాడు. బటన్ నొక్కితే చాలు స్టార్టవుతుంది, పెట్రోలు తక్కువ తాగుతుంది, వారానికోసారి మెకానిక్ జానీ భాయ్ దగ్గర పడిగాపులు పడాల్సిన పని లేదు. కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు కాబట్టి బాపు నడుముకు కూడా ఊరట. అన్న చెప్పిన ప్రతి మాటా నిజమే. బాపు వింటూ ట్యాంకు తుడుచుకునేవాడు. దీపావళి ఇంకో వారం ఉందనగా అన్న చిట్టీ ఎత్తి, బాపుకు మాటమాత్రం చెప్పకుండా ఆ బండి తెచ్చి కొట్టం ముందు నిలబెట్టాడు. దాని మీద కూర్చుని రెండు కాళ్లూ ముందుకు చాపి, అరిటాకు ముందు కూర్చున్న కొత్త పెండ్లికొడుకులా మా అందరి వంకా చూశాడు. అంత సంతోషంగా మా అన్నను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాత కూడా చూడలేదు.

ఆ సాయంత్రం చాందిని చేపలేదు. తర్వాతి పొద్దునా చేపలేదు. అమ్మ కూర్చోగానే కాలు ఝాడించి గిన్నె తన్నేసింది. దీపావళికి మిఠాయి సేఠ్ కోవా కోసం చిక్కటి పాలు చెప్పి పెట్టుకున్నాడు. ఆ చిక్కదనం చాందినిదే. పండుగ దాకా పాలు తక్కువైతే వేరేవాళ్ల దగ్గర తీసుకుంటానని మనిషిచేత కబురు పంపాడు. ఒకసారి పోయిన సేఠ్ మళ్లీ రాడు. మిగతా ఇళ్లు అప్పటికే ఒక్కొక్కటే ప్యాకెట్టు పాలకు మారుతున్నాయి. మూడో రోజు అన్న ఒక కాగితం పొట్లం తెచ్చి అమ్మ చేతిలో పెట్టాడు. అందులో సూది మందు ఉంది. బాపు గోడ పట్టుకుని లేచి వచ్చి ఆ పొట్లం తీసుకుని అరుగు కింద మడమతో నలిపాడు. తర్వాత అందరికీ వినబడేటట్టు చెప్పాడు.

"ఎల్లుండి చూద్దాం. పొద్దుగాల నీ బండి, మాపటీలి నా బండి. దేనికి చేపుతదో గా బండే ఈ ఇంట్ల ఉంటది."

"బర్రెతోని పంచాయితీ చెప్పిస్తవా బాపు?" అన్నాడు అన్న.

"నీకన్న దానికే ఎక్కువ ఎరుక" అన్నాడు బాపు.

మరునాడు మధ్యాహ్నం నాకు తెలిసిన సంగతి ఇది. నాకప్పుడు పదిహేనేళ్లు. దాణా కలిపే పని నాది. పత్తిచెక్క, తవుడు, శనగపొట్టు పొద్దున నానబెట్టి, పాలు పితికే వేళకు బకెట్లలో తెచ్చి తొట్లలో పోయాలి. ఆ రోజు స్నేహితురాలి ఇంటికి పోవాలన్న తొందరలో, అన్న ఇంకా రాకముందే దాణా తెచ్చి చాందిని తొట్లో పోశాను. అది మోర ముంచింది. నాలుగు బుక్కలు తిన్నదో లేదో టపటపమని చప్పుడైంది. వంగి చూస్తే నాలుగు సన్నుల నుంచీ పాలు కారి గడ్డి మీద పడుతున్నాయి. అక్కడ ఏ బండీ లేదు. పాత బండి పరదా కప్పుకుని మూలన ఉంది, కొత్త బండి ఊళ్లో ఎక్కడో ఉంది. అప్పుడు నాకు తట్టింది. ఇన్నాళ్లూ ఆ చప్పుడు విని లేచింది నేను. పొద్దున కొట్టం ముందు, సాయంత్రం గల్లీ మొగలో దుడ్‌దుడ్ అనగానే చేతిలో పని వదిలేసి బకెట్టు ఎత్తుకునేదాన్ని. అమ్మ గిన్నెతో కూర్చునేసరికి దాణా తొట్లో ఉండేది. అన్న బండికి చప్పుడు లేదు. అది వచ్చి ఆగినట్టు నాకు వినబడేది కాదు. అమ్మ కేకేస్తే అప్పుడు బకెట్టు తెచ్చేదాన్ని. అప్పటికే అమ్మ సన్ను పట్టుకోవడం, ఖాళీ తొట్టి చూసి చాందిని బిగబట్టడం అయిపోయేవి. ఒకసారి బిగబట్టిన బర్రె ఆ పూటకు మళ్లీ దారికి రాదు.

నాకు సంతోషం పట్టలేదు. పంచాయితీ తీరిపోయిందనుకున్నాను. బాపును చేయి పట్టుకుని తీసుకొచ్చి చూపించాను. చెప్పాల్సింది గబగబా చెప్పాను. బాపు చాందిని పొదుగు వంక చూశాడు, తొట్టి వంక చూశాడు. అమ్మ ఏదీ అని అడిగాడు. గుడికి పోయిందన్నాను. నడుం పట్టుకుని కష్టంగా కూర్చుని తనే పాలు పితికాడు. గిన్నె నిండి నురగ పొంగింది. ఆ గిన్నె రెండు చేతులా ఎత్తుకుని కొట్టం వెనక మురుగు కాలువ దగ్గరికి వెళ్లి ఆ మోరీలో పోసేశాడు. మా ఇంట్లో పాలు ఒక్క చుక్క నేల మీద పడినా వేలితో అద్ది కళ్లకద్దుకునేవాళ్లం. నల్లటి మోరీ నీళ్ల మీద ఆ తెలుపు అలా పరుచుకుంటూ పోయింది.

బాపు నా తల మీద చేయి పెట్టాడు. ఆ చేయి పాలతో తడిగా ఉంది. "బిడ్డా" అన్నాడు మెల్లగా, "రేపు పొద్దుగాల గీ మూడు దినాలు ఎట్ల తెచ్చినవో గట్లనే తే దాణ. జల్ది చెయ్యకు. మాపటీలి నా బండి చప్పుడు ఇనంగనే ఎప్పటిలెక్క తే. గీ మాట నీకు నాకు."

నేను తల ఊపాను. భయపడి ఊపానని రాసుకుంటే నాకు తేలికగా ఉండేది. కానీ నిజం అది కాదు. బాపు నాతో ఒక రహస్యం చెప్పాడన్న గర్వంతో ఊపాను. అన్నతో చెప్పనిది, అమ్మతో కూడా చెప్పనిది.

మరునాడు పొద్దున అన్న బండి స్టార్టు చేసి, దగ్గరికి తెచ్చి, పాపం, చప్పుడు వినబడాలని దాని యాక్సిలరేటర్ తిప్పి తిప్పి నానా తంటాలు పడ్డాడు. ఆ రోజు నాకు స్పష్టంగా వినబడింది. నేను వెనక గదిలో బకెట్టు పక్కనే నిలబడి, అమ్మ కూర్చున్న అలికిడి విన్నాక మనసులో ఇరవై దాకా లెక్కపెట్టి అప్పుడు బకెట్టు ఎత్తాను. చాందిని తన్నింది. సాయంత్రానికి గల్లీకి గల్లీ కొట్టం ముందు చేరింది. బాపు పరదా తీసి, ట్యాంకు ముట్టుకుని కళ్లకద్దుకుని, కిక్కు మీద లేచి నిలబడ్డాడు. మొదటి రెండుసార్లు అది పలకలేదు. రెండోసారి బాపు పళ్లు బిగబట్టి మూలిగింది నాకు లోపలికి వినబడింది. వద్దంటూ అన్న ముందుకు రాబోయాడు. మూడోసారికి బండి దుడ్‌దుడ్‌మంది. నేను బకెట్టుతో పరిగెత్తాను. చాందిని మెడ చాచింది, మోర ముంచింది, పాలు కారాయి. జనం ఈలలు వేశారు. నా చేతిలో బకెట్టు అందరి కళ్ల ముందే ఉంది, ఒక్కరూ దాని వంక చూడలేదు. అన్న మాత్రం చాందిని దగ్గరకు వెళ్లి దాని వీపు నిమిరి, బాపు ముందు చేతులు జోడించాడు. తప్పైంది బాపు అన్నాడు.

సేఠ్ పాలు నిలబడ్డాయి. అన్న కొత్త బండి నెల తిరక్కముందే ధూల్‌పేట్‌లో విగ్రహాలు చేసేవాళ్ల అబ్బాయి కొనుక్కుపోయాడు. బాపు మళ్లీ కిక్కు కొట్టడం మొదలుపెట్టాడు. బండి నేర్పమని అన్న బతిమాలినా, పందెంలో గెలిచినవాడు బండి దిగితే ఎట్లా అనుకున్నాడేమో, ఇవ్వలేదు. చలికాలం దాటకముందే ఒక పొద్దున కిక్కు తిరగదన్ని కొట్టం ముందే కూలబడ్డాడు. లేచి తిరగడానికి ఏడాది పట్టింది. ఆ తర్వాత ఎప్పుడూ నిటారుగా నడవలేదు. మంచంలో పడుకుని నా వైపు చూసేవాడు, నేను ఆయన వైపు చూసేదాన్ని. పోయేదాకా ఆ మాట మా ఇద్దరి మధ్యే ఉంది. బర్రెలు పోయాయి, కొట్టం జాగాలో ఇప్పుడు శానిటరీ సామాన్ల గోదాం ఉంది. పొద్దున ఆ గల్లీలో నడిస్తే ఒక్క పశువు వాసన రాదు. పక్కనుంచి పోయే బండి కూడా పక్కకు వచ్చేదాకా వినబడదు. అప్పుడు మనుషులు ఒక బండికి, ఒక పాలాయనకు, ఒక మెకానిక్‌కు జీవితమంతా కట్టుబడి ఉండేవాళ్లని, పత్రికల్లో నేను రాసే పాత ముచ్చట్లు చదివి నా పాఠకులు మురిసిపోతూ ఉత్తరాలు రాస్తారు. అలా నేనే రాశాను కాబట్టి వాళ్ల తప్పు కాదు. కట్టుబడి ఉండడానికి ఏం మోరీలో పోసుకున్నారో మాత్రం నేనెప్పుడూ రాయలేదు.

శనివారం ఆటో చేసుకుని జల్‌పల్లి వెళ్లాను. అన్న వాకిట్లో కుర్చీ వేసుకుని ఉన్నాడు. పోరని బండి సంగతా అని అడిగాడు. కాదు, చాందిని సంగతి అన్నాను. నిలబడే మొత్తం చెప్పాను. కూర్చుంటే మధ్యలో ఆపేస్తానని భయం. బకెట్టు సంగతి, ఇరవై దాకా లెక్కపెట్టడం, అన్నీ చెప్పి మోరీ దగ్గర మాత్రం ఆగాను. నేను నా తప్పు ఒప్పుకోవడానికి వచ్చాను. బాపుది కూడా మోసుకొచ్చానని అప్పటిదాకా నాకే తెలియలేదు. అన్న తన అరచేతులు చూసుకున్నాడు. ఆ చేతులు జోడించింది నేను చూశాను.

"బాపుకు ఎరుకనా?" అన్నాడు.

లేదంటే సరిపోయేది. పోయినాయన పేరు నిలబడేది, పదిహేనేళ్ల పిల్ల తుంటరితనమని అన్న నన్ను తిట్టి ఊరుకునేవాడు. అన్న నా ముఖమే చూస్తున్నాడు. నేను మళ్లీ మనసులో లెక్కపెడుతున్నానని గమనించి నాకే అసహ్యం వేసింది.

"ఎరుకే అన్నా. దాణకు చేపిన గా పాలు మోరీల పోసింది బాపే."

అన్న కుర్చీ వెనక్కి నెట్టాడు. లేచి లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. వదిన చాయ్ తెచ్చింది, తాగకుండానే వచ్చేశాను. ఆ తర్వాత ఫోను చేస్తే ఎత్తలేదు. శ్రీకాంత్‌ను అడిగితే, డాడీ ఎవరితోనీ మాట్లాడతలేడత్తా, బండి గురించి నేనే అడగలేదు అన్నాడు. పదిహేను రోజులు నాకు అన్నం సయించలేదు. ఉన్న ఒక్క అన్నకు బాపును లేకుండా చేశానని ఏడ్చాను. చెప్పకపోతే శ్రీకాంత్ నడుము ఏమయ్యేదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఏదీ పూర్తిగా నమ్మకం కలిగించలేదు.

నిన్న ఆదివారం పొద్దున వాకిలి ఊడుద్దామని తలుపు తీశాను. నాకు ఏ చప్పుడూ వినబడలేదు. గడప ముందు కొత్త కంపెనీ క్రూయిజర్ ఆగి ఉంది, హ్యాండిల్‌కు బంతిపూల దండ వాడనే లేదు. వెనక సీటు మీద శ్రీకాంత్ కూర్చుని ఉన్నాడు. ముందు అరవై దాటిన మా అన్న, నెరిసిన మీసాలతో, రెండు కాళ్లూ ముందుకు చాపి కూర్చుని ఉన్నాడు. అన్న ఇంజను ఆపాడు. దిగలేదు. నవ్వలేదు కూడా. నా చేతిలోని చీపురు వంక, తర్వాత నా ముఖం వంక చూశాడు.

"దాణ తెచ్చినవా చెల్లె?" అన్నాడు.